మేత చేపకా.. చెరువుకా?

తవుడు చుట్టూనే తిరుగుతున్న కొల్లేరు చేపల సాగు
సగానికి పైగా ఖర్చు మేతకే
అప్పు ఇచ్చినచోటే కొనుగోలు

కైకలూరు: కాలువ గట్టున గాలం వేసేవాడు వేయించిన తవుడులో కాస్త వేరుసెనగ చెక్క కలిపి, ముద్ద చేసి కొక్కేనికి గుచ్చుతాడు. ఆ ముద్దకు కావలసింది వాసన ఒక్కటే. చేప నోరు తెరిస్తే దాని పని పూర్తయినట్టే. అవే రెండు సరుకులు పక్కనున్న చెరువులోకి బస్తాల లెక్కన దిగుతున్నాయి. అక్కడ వాసనతో పని తీరదు. నెలల తరబడి వేసే ఆ మేత చేప ఒంట్లో కండగా మారాలి. మారనిదంతా అక్షరాలా నీటిపాలే. కొల్లేరు పరిసరాల్లో చేపల సాగు లాభనష్టాలు ఇప్పుడు ఈ ఒక్క లెక్క మీదనే ఆధారపడి ఉన్నాయి.

2022లో ఏలూరు జిల్లాలో కలిసిన కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాలతో పాటు భీమడోలు, నిడమర్రు, పెదపాడు ప్రాంతాల్లోనూ వరి చేలు చెరువులుగా మారి దశాబ్దాలు గడిచాయి. మంచినీటి చేపల ఉత్పత్తిలో రాష్ట్రం దేశంలోనే ముందుండడానికి ఈ చెరువులే ప్రధాన కారణం. ఇక్కడ పట్టిన చేప ఐస్‌ మధ్య సర్దుకుని పశ్చిమ బెంగాల్‌, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల మార్కెట్లకు లారీల్లో తరలిపోతుంది. చెరువుల్లో వేసేది అత్యధిక భాగం శీలావతి, మిగిలినది బొచ్చె. ఎర్రమోసు చాలాచోట్ల కనుమరుగైంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ మేతలో సింహభాగం నూనె తీసిన తవుడు. రైతుల నోట అది ‘డీఓబీ’. ఆంధ్ర చెరువుల మేత పద్ధతులపై ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ప్రచురించిన అధ్యయనం సైతం ఇదే చెప్పింది. ముందు నూనె తీసిన తవుడు, ఆ తర్వాతే వేరుసెనగ చెక్క, పత్తి చెక్క అని పేర్కొంది.

సంచి వెనుక ఉన్న తెలివి

తవుడును నీటిపై చల్లితే చేప నోటికి అందేది తక్కువ, అడుగుకు చేరేది ఎక్కువ. దీన్ని గమనించిన ఈ ప్రాంత రైతులు సంచి పద్ధతిని ఆశ్రయించారు. ప్లాస్టిక్‌ సంచికి అడుగుభాగంలో రంధ్రాలు చేసి, మేత నింపి, చెరువులో పాతిన కర్రలకు గానీ ఒక గట్టు నుంచి మరో గట్టుకు లాగిన తాడుకు గానీ వేలాడదీస్తారు. శీలావతి ఆ రంధ్రాల వద్ద మూతి పెట్టి లాక్కుని తింటుంది. ఏ విశ్వవిద్యాలయమూ నేర్పకుండా వచ్చిన ఈ ఏర్పాటులో అసలు ప్రయోజనం సంచి దించినప్పుడు తెలుస్తుంది. మేత మిగిలితే చేపకు ఆకలి మందగించిందని అర్థం. నీటిలో ప్రాణవాయువు తగ్గిందో, పేను పట్టిందో, చలి ముదిరిందో వెతకవలసిందే. చేపకు మందు పెట్టవలసి వచ్చినా ఈ సంచే దారి.

శీలావతికి, బొచ్చెకు మనకున్నట్టు జీర్ణకోశం ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి వెళ్తుంది. అందువల్ల ఒక్కసారి కడుపు నింపుకోవడం వీటికి చేతకాదు. కొద్దికొద్దిగా, పలుమార్లు తినడమే వీటి నైజం. గంటల తరబడి వేలాడే సంచి ఈ అలవాటుకు సరిపోతుంది. బొచ్చె సంగతి వేరు. పైకి తిరిగిన నోటితో నీటి ఉపరితలంలోని ప్లవకాలను వడకట్టుకుని తినడం దాని పద్ధతి. సంచి వద్ద శీలావతితో పోటీపడడం దానికి కష్టం. చెరువు నీటి రంగు సరిగా లేకుంటే, సంచులు ఎన్ని కట్టినా బొచ్చె ఎదగదు.

తవుడులో ఏముంది.. ఏం లేదు?

చేపపిల్ల దశలో మేతలో 35 నుంచి 40 శాతం, పెరిగే దశలో 25 నుంచి 30 శాతం మాంసకృత్తులు ఉండాలన్నది శాస్త్రవేత్తల లెక్క. నూనె తీసిన తవుడులో ఉండేవి సుమారు 15 శాతం. వేరుసెనగ చెక్కలో 40 శాతానికి పైగా ఉంటాయి. నాలుగు పాళ్ల తవుడుకు ఒక పాలు చెక్క కలిపినా మొత్తం 20 శాతం దగ్గరే ఆగుతుంది.

మరి ఇన్నేళ్లూ చేప ఎలా పెరిగింది? సమాధానం నీటిలోనే ఉంది. పేడ, ఎరువులు వేసిన చెరువులో పుట్టే ప్లవకాల్లో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. కండకు కావలసినది ప్లవకాల నుంచి, తిరగడానికి కావలసిన శక్తి తవుడు నుంచి చేపకు దక్కేది. పాతతరం రైతు తెలియక తవుడు వేయలేదు. పలుచగా పిల్లలు వదిలిన చెరువుకు అది సరైన మేతే. ఎకరానికి వదిలే పిల్లల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కో చేప వాటాకు వచ్చే ప్లవకాలు తగ్గాయి. మేత మాత్రం పాతదే మిగిలింది. చేప ఎదగడం లేదని బస్తాలు పెంచారు తప్ప, బస్తాలో ఉన్నదేమిటని అడిగినవారు తక్కువ.

చెక్క కలిపితే సరిపోతుందన్న నమ్మకమూ పూర్తిగా నిలవదు. మాంసకృత్తుల్లో చేప సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు పది ఉన్నాయి. వాటిలో లైసిన్‌ ఒకటి. బంగారుతీగ చేపకు మాంసకృత్తుల్లో 5.7 శాతం లైసిన్‌ అవసరమని పరిశోధనలు తేల్చాయి. వేరుసెనగ చెక్కలో అది 3.5 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మినప్పప్పు తక్కువైతే రవ్వ ఎంత పోసినా ఇడ్లీ పొంగనట్టే, ఒక్క లైసిన్‌ కొరవడితే మిగిలిన మాంసకృత్తులు కండ పట్టవు. పత్తి చెక్కలో గాసిపాల్‌ అనే విషపదార్థం ఉంటుంది కనుక దాన్ని మితంగానే వాడాలి. తేమ తగిలిన వేరుసెనగ చెక్కకు బూజు పట్టి అఫ్లటాక్సిన్‌ చేరుతుంది. వానాకాలంలో గట్టు మీది పాకలో నేలపైనే బస్తాలు పేర్చే అలవాటు ఇక్కడ దాదాపు సర్వసాధారణం.

తవుడుతో మరో చిక్కు భాస్వరం. తవుడులో అది పుష్కలంగా ఉన్నా, ఎక్కువ భాగం ఫైటేట్‌ రూపంలో బిగుసుకుని ఉంటుంది. జీర్ణకోశంలోని ఆమ్లం లేని చేప దాన్ని విడగొట్టుకోలేదు. విసర్జనతో నీటిలోకి వదిలేస్తుంది. అది నాచుకు బలమవుతుంది. చెరువు చిక్కటి ఆకుపచ్చగా మారితే పగలు చూడముచ్చటగానే ఉంటుంది. రాత్రి అదే నాచు ప్రాణవాయువును పీల్చేస్తుంది. అల్పపీడనం పట్టి రెండు మూడు రోజులు ఎండ కనిపించకపోతే, తెల్లవారుజామున చేప నీటిపైకి తేలి నోరు తెరుచుకుంటుంది. అప్పుడు ఏరియేటర్లు, మందులు, పరుగులు. ఆ ఖర్చును తవుడు ఖాతాలో రాసుకునే రైతు కనిపించడు.

రెండింతల లెక్క

ఫంగస్‌ చేప సాగుతో ఈ ప్రాంతంలో వ్యాపించిన తేలే గుళికల మేత ఇప్పుడు శీలావతి చెరువులకూ చేరింది. కంపెనీల ప్రచారం సంగతి అలా ఉంచితే, లెక్క సూటిగానే ఉంది. తవుడు ప్రధానమైన మేతతో కిలో చేప పెరగడానికి మూడు కిలోల వరకు పడుతుందని, గుళికలతో కిలోన్నర సరిపోతుందని అనుకుంటే, గుళిక ధర తవుడు మేత ధరకు రెండింతలు మించనంత వరకే రైతుకు కలిసివస్తుంది. మించితే తవుడే నయం. గుళికలు వేస్తే నీరు చెడదన్న మాటలోనూ సగమే నిజముంది. మూడు కిలోల తవుడులో మాంసకృత్తులు 450 గ్రాములు. 28 శాతం ఉన్న గుళికలు కిలోన్నరలో 420 గ్రాములు. కిలో చేప ఒంట్లో నిలిచేది 170 గ్రాములకు అటూఇటూ. మిగిలినది ఏ మేతతోనైనా అమ్మోనియాగానో, మలంగానో నీటిలోకే చేరుతుంది. గుళికలతో తగ్గేది ప్రధానంగా అడుగున పేరుకునే పీచు, బురద. అది చిన్న మేలు కాదు. అయితే చెప్పుకుంటున్నంత పెద్దదీ కాదు.

కాబట్టి తవుడు ధర కదిలితే సాగు పద్ధతే కదులుతుంది. పశువుల దాణా ధరలు పెరుగుతున్నాయంటూ కేంద్రం 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతులను నిషేధించింది. గడువును పలుమార్లు పొడిగించి, 2025 అక్టోబరులో ఆంక్ష ఎత్తివేసింది. పాడి రైతు కోసమని తీసుకున్న ఆ నిర్ణయాలు చేపల రైతు సంచి ధరనూ తాకేవే. ఆ చర్చలో చేపల రైతు ప్రస్తావన మాత్రం పెద్దగా వినిపించలేదు.

అప్పు ఎవరిదో మేత వారిదే

ఇంత లెక్క తెలిసినా మేత ఎంచుకునే స్వేచ్ఛ అందరికీ లేదు. సొంత చెరువు, చేతిలో సొమ్ము ఉన్నవారు ధర చూసి సరుకు మార్చగలరు. కౌలు రైతు పరిస్థితి అది కాదు. లీజు సొమ్ము ముందే కట్టాలి. పిల్ల కొనాలి. మేతకు వచ్చేసరికి వ్యాపారి ఇచ్చే అరువే దిక్కు. పట్టుబడి సమయంలో చేపను ఫలానావారికే ఇవ్వాలన్న షరతూ చాలాచోట్ల దానితోనే వస్తుంది. సరుకు ధర, వడ్డీ, చేప ధర మూడూ ఒకే పద్దులో కలిసిపోతాయి. తవుడులో ఊక కలిసిందని అనుమానం వచ్చినా అడిగే ధైర్యం ఉండదు. ఊక కలిస్తే బరువు తూగుతుంది, పీచు పెరుగుతుంది, చేపకు దక్కేది తగ్గుతుంది. వేలితో తడిమి చూస్తే గరుకు తెలుస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు గానీ, 15 శాతమా, 11 శాతమా అన్నది వేలు చెప్పదు.

చేపల మేత నాణ్యత నియంత్రణకు రాష్ట్రంలో 2020లో ప్రత్యేక చట్టం వచ్చింది. కంపెనీ గుళికల సంచిపై మాంసకృత్తుల శాతం అచ్చై ఉంటుంది. రైతు అత్యధికంగా కొనే తవుడు బస్తా మాత్రం తరచూ ఏ వివరమూ లేకుండానే గట్టుకు చేరుతోంది. మండల కేంద్రంలోనే నమూనా ఇచ్చి, లోడు దించేలోగా ఫలితం తెలుసుకునే వీలుంటే కౌలు రైతుకు కనీసం బేరమాడే ఆధారం దొరుకుతుంది. ప్రస్తుతానికి అతని చేతిలో ఉన్న పరీక్ష సాయంత్రం దించి చూసే సంచి ఒక్కటే. మబ్బు పట్టిన రోజు మేత సగానికి తగ్గించడం, చలి నెలల్లో మిగిలిన సంచిని చూసి మరుసటి రోజు బస్తా కోయకపోవడం అప్పుతో పనిలేకుండా చేయగలిగినవి. కొందరు చేస్తున్నారు. అరువుపై ముందే దించుకున్న లోడు పాకలో బూజు పడుతుందన్న భయంతో సంచులు నింపేస్తున్నవారే ఎక్కువ.