దిగడానికే తొక్కుతున్నాను

చిన్నతనంలో మా ఘంటసాలలో ఒక వింత చూశాను. పల్లెటూళ్ళలో పెరిగిన మిత్రులు మీమీ ఊళ్ళలోనూ చూసే ఉంటారు. బడి ఆవరణలో నాలుగు వెదురుగడలు పాతి, మైకు కట్టి, ఒక బక్కపలచని మనిషి ఏడు రోజులపాటు సైకిలు దిగకుండా గుండ్రంగా తిరిగేవాడు. అన్నం దాని మీదే, స్నానం దాని మీదే, కునికిపాటు కూడా దాని మీదే. సాయంత్రమయ్యేసరికి ఊరంతా అక్కడ చేరేది. మనసు కరిగినవారు అతని చొక్కాకు రూపాయి నోట్లు పిన్నీసుతో గుచ్చేవారు. ఏడవనాడు మెడలో దండ వేసి దించేవారు. ఎనిమిదవనాటికి ఊరు ఎప్పటి ఊరే.

అవయవమార్పిడి చేయించుకున్నవారి మందుల ఖర్చుకోసం విరాళాలు పోగుచేస్తూ, సంక్రాంతి వెళ్ళాక ఘంటసాల నుంచి పలాస దాకా సైకిలు మీద వెళ్ళబోతున్నానని చెప్పగానే, ఒక మిత్రుడు ఆ మనిషినే గుర్తుచేసి నవ్వాడు. "అతను గుండ్రంగా తిరిగాడు, నువ్వు నిలువుగా తిరుగుతావు. అంతే కదా తేడా!" అన్నాడు. తరువాత మరికొందరు మరికొన్ని అన్నారు. నోటిమాటకు నోటితో బదులు చెప్పడం నాకు చేతకాదు కనుక ఈ టపా.

మొదటి ఆక్షేపణ: డబ్బే కావలసివస్తే పంపవచ్చును కదా, ఈ ఆర్భాటం దేనికి?

పంపవచ్చును. పంపేవారికి నమస్కారం. కాని అవయవమార్పిడికి కావలసినది డబ్బు ఒక్కటే అయితే ఈ దేశంలో ధనవంతులెవరూ దాతకోసం ఎదురుచూస్తూ మరణించి ఉండరు. కావలసిన మరొక వస్తువు బజారులో దొరకదు, దొరకకూడదని చట్టం కూడా ఉంది. అది ఒక కుటుంబం ఘోరమైన దుఃఖంలో పలికే ఒకే ఒక్క మాట: "సరే, తీసుకోండి."

ఆ మాట ఎలాంటి ఘడియలో పలకాలో ఆలోచించారా? ఉదయం ఇంటినుంచి నవ్వుతూ వెళ్ళిన కొడుకు తలకు దెబ్బతగిలి ఆసుపత్రిలో ఉంటాడు. యంత్రం ఆడిస్తున్నంతసేపు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల వ్యవధితో రెండు మార్లు పరీక్షించి, మెదడు చనిపోయిందని నిర్ధారిస్తుంది. అప్పుడు తల్లిదండ్రులను అడుగుతారు. బ్రెయిన్ డెడ్ అన్న మాటను జీవితంలో మొదటిసారి ఆ వరండాలోనే విన్నవారు "సరే" అనగలరా? అనలేకపోతే అది వారి తప్పా? వారి సొంత ఇంటి అరుగు మీద, ఎవరికీ ఏ ఆపదా లేని ఒక సాయంత్రం ఆ మాట ముందే వినబడి ఉండాలి. మనియార్డరు ఆ పని చేయలేదు. అరుగు దగ్గర సైకిలు ఆపి, మంచినీళ్ళడిగి, కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. మా బడి ఆవరణలో తిరిగినవాడు దిగకుండా తొక్కాడు. నేను దిగడానికే తొక్కుతున్నాను.

ఇటువంటి ప్రయాణాలు చేసినవారు లేకపోలేదు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాకు చెందిన రైతు ప్రమోద్ మహాజన్ 2000లో ఒక సైనికునికి కిడ్నీ ఇచ్చి, అరవై దాటిన వయసులో, 2018లో, మోటారుసైకిలు మీద దేశం చుట్టడానికి బయలుదేరాడు. 2014లో తన సోదరునికి కిడ్నీ ఇచ్చిన అనిల్ శ్రీవత్స కారులో దేశదేశాలు తిరిగాడు. ఇద్దరూ ముందు ఇచ్చారు, తరువాత బయలుదేరారు. ఈ వరుస గుర్తుంచుకోండి. మళ్ళీ ఈ విషయానికి వస్తాను.

రెండవ ఆక్షేపణ: మన జిల్లా వదిలి శ్రీకాకుళం ఉద్దానానికే ఎందుకు?

ఇది నన్ను నిజంగా కుదిపిన ప్రశ్న. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో, కారణం ఇంతవరకు స్పష్టంగా తేలని మూత్రపిండవ్యాధి దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతున్నది. డయాలిసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనకేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మంచిదే. కాని డయాలిసిస్ రోగిని నిలబెడుతుంది గాని విడిపించదు. వారానికి రెండు మూడు మార్లు యంత్రం దగ్గరకు వెళ్ళవలసిన మనిషికి విడుదల అంటే మార్పిడే. మామూలు ఊళ్ళలో అయితే తల్లో, అక్కో ఇస్తుంది. ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు రోగులున్న చోట ఇచ్చేదెవరు? అక్కడివారికి మిగిలిన ఆశ ఎక్కడో, ఎవరో తెలియని కుటుంబం పలికే ఆ "సరే" మాత్రమే. అందుకే పలాస అనుకున్నాను.

అయితే మిత్రుడన్నది ఇది: "ఏ. కొండూరు తండాలు మన పాత కృష్ణా జిల్లాలోవే. అక్కడా అదే జబ్బు. అరవై మైళ్ళ దూరంలో ఉన్నవాళ్ళు నీకు కనిపించలేదా?" కనిపించలేదు. ఒప్పుకుంటున్నాను. దూరపు దుఃఖానికి పేరుంటుంది, పక్కింటి దుఃఖానికి అలవాటుంటుంది. దారి మార్చుకున్నాను. ఘంటసాల నుంచి కూచిపూడి, పామర్రు, విజయవాడ, మైలవరం మీదుగా ముందు ఏ. కొండూరు వెళ్ళి, అక్కడినుంచి పెద్దరోడ్డు పట్టుకుంటాను. మొత్తం ఏడు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆక్షేపించినందుకు ఆ మిత్రునికి నా ధన్యవాదాలు.

మూడవ ఆక్షేపణ పెద్దలది: దేహాన్ని కోయించి అంగహీనంగా దహనం చేస్తే మరుజన్మ మాటేమిటి?

అవయవాలు తీసుకున్నాక దేహాన్ని కుట్టి, శుభ్రంగా అప్పగిస్తారు. ఇది వైద్యుల జవాబు. నాకు మా ఊరు నేర్పిన జవాబు వేరే ఉంది. ఘంటసాల పేరు ప్రపంచానికి దేనివల్ల తెలిసింది? స్తూపంవల్ల. టాలెమీ పేర్కొన్న కొంటకొస్సిల ఇదేనని చరిత్రకారులంటారు. 1894లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల గురించి పుస్తకమే వేశాడు. స్తూపమంటే ఏమిటి? బుద్ధుని దహనానంతరం ధాతువులను ఎనిమిది భాగాలు చేసి పంచుకున్నారనీ, వాటి మీద స్తూపాలు వెలిశాయనీ బౌద్ధుల సంప్రదాయం. కృష్ణకు ఆవలి ఒడ్డున భట్టిప్రోలులో ధాతుకరండాలే బయటపడ్డాయి. పంచుకున్నందువల్ల ఆ దేహం తక్కువైందని ఆ తరాలు అనుకోలేదు. పంచుకున్నారు కనుకనే పదిచోట్ల దీపం పెట్టారు. అటువంటి దిబ్బ పక్కన పుట్టి, దేహం ముక్కలైతే అపచారమని నేనెలా అనను?

ఆక్షేపించినవారికి ఇంతవరకు బదులు చెప్పాను. ఇక సైకిలు ఎక్కేవారి గురించి, అంటే నా పక్షంవారి గురించి చెప్పాలి. అక్కడ నాకున్న కోపం ఇంకా ఎక్కువ.

అవయవదాన యాత్ర అనగానే ముందు రంగు చొక్కాలు కుట్టిస్తారు. ఒక ప్రముఖుడు జెండా ఊపుతాడు. వేదిక మీద శిబి, దధీచి, కర్ణుడు తప్పనిసరిగా హాజరవుతారు. సాయంత్రానికి ఇన్ని వేలమంది ప్రతిజ్ఞాపత్రాల మీద సంతకాలు చేశారని లెక్క చెబుతారు. ఆ సంతకాలు చేసినవారిలో ఎంతమంది ఇంటికి వెళ్ళి భార్యతో, తల్లితో ఆ మాట చెప్పారు? ఆచరణలో చివరిమాట కుటుంబానిదే. జేబులో కార్డు ఉన్నా, ఇంట్లోవారు "వద్దు" అంటే వద్దే. ఇంట్లో చెప్పని ప్రతిజ్ఞ పెట్టెలో దాచిన ఉత్తరం వంటిది.

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో జీవన్‌దాన్ మొదలైంది. ఇన్నేళ్ళ తరువాత, 2023లో, దేశం మొత్తంమీద మరణానంతరం అవయవాలిచ్చినవారు 1,099 మంది. నూట నలభై కోట్ల జనాభాలో! ఆ ఏడు తెలంగాణ 252 మందితో అన్నిటికంటే ముందు నిలిచింది. మనకు మనస్సు లేక కాదు. ముందుగా మాట్లాడుకోక.

అదే ఏటి లెక్కలలో మరొక జత అంకెలున్నాయి. బతికుండగా అవయవమిచ్చినవారిలో స్త్రీలు 9,784 మంది, పురుషులు 5,651 మంది. పుచ్చుకున్నవారిలో స్త్రీలు మూడోవంతు కూడా లేరు. 1995 నుంచి 2021 వరకు చూస్తే గ్రహీతలు ఐదుగురిలో నలుగురు పురుషులు. ఇక మరణానంతర దాతలలో పురుషులు 844, స్త్రీలు 255. అంటే మగవాడు చనిపోతే ఇస్తున్నాడు, ఆడది బతికి ఇస్తున్నది. వేదికల మీద దధీచి పేరెత్తే పెద్దమనుషులారా, ఆ 9,784 మందిలో ఒక్కరికైనా దండ వేశారా?

ఈ ప్రశ్న అడిగే అర్హత నాకు లేదు. అందుకే అడుగుతున్నాను. మేము ముగ్గురం తోబుట్టువులం. తమ్ముడి కిడ్నీలు పాడైనప్పుడు అక్క ఇచ్చింది. వాడిదీ నాదీ ఒకే రక్తవర్గం. నన్ను పరీక్షించనే లేదు. నేను తప్పించుకున్నానని ఎవరూ అనలేదు, ఎందుకంటే మొదట ఎవరిని పరీక్షించాలన్న ప్రశ్నే మా ఇంట్లో పుట్టలేదు. "వాడు సంపాదించేవాడు, పొలం చూసుకోవాలి" అన్నారు. అక్క మౌనంగా సంచి సర్దుకుంది. ఆమెకూ పొలం ఉంది, పాడి ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. పైన చెప్పిన ఇద్దరు మహానుభావులు ముందు ఇచ్చి తరువాత బయలుదేరారు. నేను ఇవ్వకుండా బయలుదేరుతున్నాను. ఏడు వందల కిలోమీటర్లు తొక్కినంతమాత్రాన ఆ బాకీ తీరదు. తీరిందని నాకు దండ వేయడానికి ఎవరైనా వస్తే, ఆ దండ అక్క ఇంటికి పంపమని నా మనవి.

కనుక ఈ యాత్రకు కొన్ని నియమాలు పెట్టుకున్నాను.

జెండా ఊపడం లేదు. తెల్లవారుజామున బయలుదేరుతాను.

విరాళం నా చేతికి రాదు. మార్పిడి జరిగితే కథ సుఖాంతమని చాలామంది అనుకుంటారు. కొత్త కిడ్నీని శరీరం ఎప్పటికీ పరాయిదానిగానే చూస్తుంది. దానిని తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ వంటి మాత్రలు, ఆ కిడ్నీ పనిచేసినంతకాలం, వేళ తప్పకుండా వేసుకోవాలి. శస్త్రచికిత్సకు 2007 నాటి ఆరోగ్యశ్రీ మొదలు పథకాలు వచ్చాయి. పదేళ్ళ తరువాత కూడా నెలనెలా కొనుక్కోవలసిన మాత్రల సంగతి చుట్టాలు సైతం మరిచిపోతారు. డబ్బు లేక మాత్రలు ఆపితే అక్క ఇచ్చినదీ, అమ్మ ఇచ్చినదీ మట్టిపాలు. మా చుట్టుపక్కల ఊళ్ళలో అటువంటివారు ముగ్గురున్నారు. ఇవ్వదలచినవారు వారి మందుల దుకాణం ఖాతాలోనే నేరుగా జమచేయవచ్చును. మా తమ్ముడు ఆ ముగ్గురిలో లేడు. వాడి మాత్రలు నా బాధ్యత.

ఆగిన ప్రతిచోటా హెల్మెట్టు మాట మొదట, అవయవదానం మాట తరువాత. ఆ 844 మంది పురుషులలో చాలామంది రోడ్డు మీద తల పగిలినవారే అయి ఉంటారు. దాతలు పెరగాలని కోరుకునేవాడు కుర్రవాళ్ళు చావాలని కోరుకోకూడదు. పెద్దరోడ్డు మీద సైకిలు తొక్కే నేను కూడా హెల్మెట్టు పెట్టుకునే తొక్కుతాను.

సంతకాలు తీసుకోను. ఒక్కటే అడుగుతాను: "ఈ రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో ఈ మాట ఎత్తుతారా?"

మీరూ ఎత్తండి మిత్రులారా. నన్ను వెక్కిరించదలచుకుంటే వెక్కిరించండి, కాని ఆ పని చేశాక వెక్కిరించండి. అది ఎంత కష్టమో తెలుస్తుంది. మొన్న నేను చేశాను. భోజనాలయ్యాక నా భార్యను కూర్చోబెట్టి, దారిలో నాకేమైనా అయితే, వైద్యులు వచ్చి అడిగితే, సరే అనమని చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. గిన్నెలు తీసింది, తలుపు గడియ వేసింది, వచ్చి కూర్చుంది.

"సరే అంటాను. మరి నా సంగతి ఏమిటండీ? నన్ను ఎవరూ అడగలేదే!" అంది.

సైకిలు ఇంకా ఎక్కనే లేదు, మొదటి అరుగు దగ్గరే నా నోట మాట రాలేదు.