పనేమీ పెట్టుకోకుండా బెజవాడ వెళ్దాం

మన పల్నాటి వాళ్ళం బెజవాడ ఎందుకు వెళ్తామో ఒకసారి లెక్కేసుకోండి. పెళ్ళి బట్టలకి వస్త్రలత, బీసెంట్ రోడ్డు. ఒంట్లో బాగోకపోతే సూర్యారావుపేట ఆస్పత్రులు. మొక్కు ఉంటే దుర్గమ్మ కొండ. దూరప్రయాణమైతే రైలు మారడానికి స్టేషను. నరసరావుపేట నుంచి ఎనభై కిలోమీటర్లు ఉంటుందేమో. అన్నిసార్లు వెళ్ళినా ఆ ఊరిని తీరిగ్గా చూసింది లేదు. పనుంటే వెళ్తాం, పని కాగానే బస్సెక్కేస్తాం.

ఇక పిల్లల సంగతి. పదో తరగతి అవగానే మనవైపు పిల్లల్లో చాలామందిని ఇంటర్‌కి గుంటూరో బెజవాడో పంపిస్తున్నాం. బకెట్టు, పరుపు, పచ్చడి సీసా ఇచ్చి హాస్టల్లో దింపి వస్తాం. అక్కణ్ణుంచి ఆ పిల్లలకి బెజవాడ అంటే స్టడీ అవర్లు, వీక్లీ టెస్టులు, ఎప్పుడో ఒకసారి ఇచ్చే ఔటింగ్. పక్కనే అంత పెద్ద నది పారుతున్న ఊళ్ళో రెండేళ్ళు ఉండి, ఒడ్డున కూర్చున్నదే లేదనే పిల్లలు ఎంతమందో.

అందుకే నా మాట ఇది. పిల్లలు పదిలోకి రాకముందే, ఏ పనీ పెట్టుకోకుండా, రెండు రోజులు బెజవాడ తీసుకెళ్ళండి. ఊటీలూ అరకులూ తర్వాత చూసుకోవచ్చు. రేపు వాళ్ళు ఒంటరిగా ఉండబోయే ఊరు, ముందు అమ్మానాన్నలతో కలిసి తిరిగిన ఊరు అయితే ఆ తేడా వేరు.

రెండు రోజులనగానే మగవాళ్ళు అనే మాట నాకు తెలుసు. "ఇంత దగ్గరకి రాత్రి ఉండటం దేనికి? పొద్దున్నే కారులో పోయి రాత్రికి వచ్చేద్దాం." మా ఇంట్లోనూ అదే మాట. అలా వెళ్తే ఏమవుతుందో మనకి తెలుసు. మనం మూడింటికే లేవాలి. పులిహోర కలపాలి, పెరుగన్నం డబ్బాల్లో పెట్టాలి, మంచినీళ్ళ సీసాలు నింపాలి. రాత్రి పదకొండుకి వచ్చి ఆ డబ్బాలన్నీ తోమాలి. వంటగది కారెక్కి వెళ్ళొచ్చినట్టే గానీ మనం వెళ్ళొచ్చినట్టు కాదు. ఒక్క రాత్రి అక్కడే పడుకుంటే సాయంత్రం నది చూడొచ్చు, తెల్లవారి మళ్ళీ చూడొచ్చు. గది అద్దెకి డబ్బెక్కడిదంటారా? ఏడాదికి ఒక పట్టుచీర మానేస్తే సరిపోతుంది. చీరలు నాకూ ఇష్టమే, అయినా ఈ బేరం మంచిదే అంటాను.

ఎప్పుడు వెళ్ళాలన్నది ముందు తేల్చుకోవాలి. వేసవి సెలవులు వద్దు, బెజవాడ ఎండకి పిల్లలు తట్టుకోలేరు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వరదల భయం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చిన సంగతి మర్చిపోలేం. దసరా నవరాత్రుల్లోనూ, డిసెంబరులో భవానీ దీక్షల విరమణప్పుడూ ఆ జనంలో చిన్నపిల్లల చెయ్యి పట్టుకుని నడవడం కష్టం. జనవరి, ఫిబ్రవరిలో ఒక రెండో శనివారం, దాని పక్క ఆదివారం చక్కగా సరిపోతాయి.

బయల్దేరేముందు పిల్లలకి కృష్ణ ఎటు నుంచి ఎటు పారుతుందో పటంలో చూపించండి. మన చేలకి నీళ్ళిచ్చే సాగర్ కుడికాలువ ఈ నదిదే. సాగర్ దాటి, పులిచింతల దాటి, అమరావతిలో అమరేశ్వరస్వామి గుడి పక్కగా వెళ్ళి బెజవాడ చేరుతుంది. అప్పుడు పిల్లలు అక్కడ చూసేది పరాయి ఊరి నదిని కాదు, మన గడప ముందు నుంచి వెళ్ళిన నీళ్ళని.

చూడాల్సినవి నాలుగు చాలు. గుంటూరు, మంగళగిరి మీదుగా వెళ్తే నది ఇవతలే ఉండవల్లి గుహలు తగులుతాయి. కొండని అంతస్తులు అంతస్తులుగా తొలిచారు. లోపల ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూస్తే సెల్‌ఫోన్ వదలని పిల్లలు కూడా నోరు తెరుస్తారు.

తర్వాత బ్యారేజీ. దాన్ని కారులో దాటితే రెండు నిమిషాలు, ఏమీ కనపడదు. నాన్న కారు అవతలికి తెస్తాడు, మీరూ పిల్లలూ నడవండి. కిలోమీటరున్నర కూడా ఉండదు. 1855లో కట్టిన పాత ఆనకట్ట 1952 వరదకి తెగితే, 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. గేట్లు డెబ్భై. లెక్కపెట్టమని చిన్నవాళ్ళకి అప్పజెప్పండి, కాళ్ళు నొప్పులనరు.

రెండోరోజు తెల్లవారుజామున పెద్దవాళ్ళ కోసం అమ్మవారి దర్శనం, ఆ తర్వాత పిల్లల కోసం భవానీ ద్వీపం. ఓపిక మిగిలితే బందరు రోడ్డులో బాపు మ్యూజియం. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడే పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా చూపించారని పిల్లలు పుస్తకంలో చదివే ఉంటారు. ఓపిక లేకపోతే వదిలేయండి. కొండపల్లి, మాల్, సినిమా అన్నీ కలిపితే మళ్ళీ పరుగే.

పడవ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. టూరిజం వాళ్ళ పడవే ఎక్కండి. లైఫ్ జాకెట్ పిల్లలకి మీ చేత్తో బిగించి, మీరూ వేసుకోండి. చీర నలుగుతుందని ఒళ్ళో పెట్టుకుని కూర్చోకండి. ఎక్కువమందిని ఎక్కిస్తుంటే దిగిపోండి. "అందరూ ఎక్కుతున్నారుగా" అని ఇంట్లోవాళ్ళు విసుక్కున్నా సరే.

ఇక మన సంగతి. ఈ రెండు రోజులూ టిఫిన్ హోటల్లోనే. అత్తగారికి బయటి తిండి పడకపోతే ఇడ్లీ, పెరుగన్నం ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరి సంచి వాళ్ళే సర్దుకోవాలి, ఎనిమిదేళ్ళ పిల్ల తన టవలు తను పెట్టుకోలేదా? హాస్టల్‌కి పోయేముందు నేర్పాల్సిన పని కూడా ఇదే కదా. తాళాలు, టికెట్లు, పిల్లల మాత్రలు నాన్న దగ్గర. సాయంత్రం ఘాటు మెట్ల మీద మనం చేతులూపుకుంటూ కూర్చోవాలి. అమ్మ ఖాళీగా కూర్చుని నీళ్ళు చూడటం పిల్లలు ఒకసారి చూడాలి. మన ఇళ్ళల్లో పెరిగే పిల్లలకి ఆ దృశ్యం ఎప్పుడు దొరుకుతుంది చెప్పండి?

పిల్లలకి చదువు పాడవుతుందంటారు కొందరు. ఇంటర్‌లో చేరాక రెండు రోజులు అడిగితే కాలేజీ ఇవ్వదు, మనమూ అడగం. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్న పిల్లాడికి ఇంకా ఒకే ఒక్క చలికాలం తీరిగ్గా మిగిలి ఉంది.

వంటింటి క్యాలెండర్‌లో గ్యాస్ వచ్చిన తేదీ, పాల లెక్క, స్కూలు ఫీజు రాసుకుంటాం కదా. వాటి పక్కనే ఒక రెండో శనివారానికి గుండ్రం చుట్టి "బెజవాడ" అని రాయండి. ఏం పని అని ఎవరైనా అడిగితే, పనేమీ లేదని చెప్పండి.