పిల్లల మందు సీసాపై మోతాదు తెలుగులో ఉండాలి



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, గ్రామ ఉపకేంద్రాల నుంచి పసిపిల్లలకు తరచుగా అందే మందులు కొన్నే: జ్వరానికి పారాసిటమాల్, విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింక్, రక్తహీనతకు ఐరన్ సిరప్, నులిపురుగులకు ఆల్బెండజోల్. ఇవి కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. అయినా వీటి ఫలితం ఇంట్లో పడే కొలతను బట్టే ఉంటుంది కాబట్టి, మందుతో పాటు తెలుగులో రాసిన మోతాదు చీటీని, సిరప్ అయితే కొలిచే మూతను కూడా ఇవ్వడం తప్పనిసరి చేయాలి.

పిల్లలకు జ్వరం మందు మోతాదును వయసు కంటే బరువును బట్టి లెక్కించడమే సరైన పద్ధతి. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 10 కిలోల బిడ్డకు ఒక విడతకు 150 మి.గ్రా. పారాసిటమాల్ కావాలి. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ అయితే అది 6 మి.లీ., 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 3 మి.లీ. మాత్రమే. మొదటి రకం అయిపోయి రెండో రకం ఇంటికి వచ్చినప్పుడు, అలవాటు కొద్దీ మళ్లీ 6 మి.లీ. పోస్తే మందు రెట్టింపు పడుతుంది. అదే మోతాదు రోజుకు పలుమార్లు, రోజుల తరబడి సాగితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

విరేచనాల విషయంలో పొరపాటు మరో రకంగా జరుగుతుంది. పేగు లోపలి పొర కోలుకోవడానికి, విరేచనాలు మళ్లీ మళ్లీ రాకుండా ఉండటానికి ఇచ్చే జింక్‌ను 14 రోజులు వాడాలి: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10 మి.గ్రా. కానీ విరేచనాలు కట్టగానే ఆ మాత్రలు అటకెక్కుతాయి. లీటరు నీటికి ఉద్దేశించిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను ఒక గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు శాతం పెరిగి మేలుకు బదులు కీడు జరుగుతుంది.

మందు ఇచ్చేటప్పుడు సిబ్బంది నోటితో చెబుతూనే ఉన్నారు కదా అని కొందరు అనవచ్చు. కానీ ఆసుపత్రిలో విన్నది తల్లి అయితే, ఆమె చేను పనికో మగ్గం పనికో వెళ్లాక మందు పోసేది ఇంట్లోని అవ్వ. ఇంగ్లీషు అక్షరాల సీసా ఆమెకు ఏమీ చెప్పలేదు.

కొలత కష్టమైన పని కూడా కాదు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఇచ్చే ఐరన్ సిరప్‌కు, సరిగ్గా 1 మి.లీ. మాత్రమే పడే సీసాను నిర్దేశించారు. అంతటి శ్రద్ధ జ్వరం మందుకూ అవసరమే. బిడ్డ బరువును అంగన్‌వాడీలో ఎలాగూ నమోదు చేస్తున్నారు. ఆ బరువు, మి.లీ.లో మోతాదు, విడతల మధ్య వ్యవధి, వాడవలసిన రోజులు అనే నాలుగు వివరాలు చీటీపై ఉంటే చాలు.

జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఈ మూడు ప్రాంతాల్లో ముందుగా ఈ విధానాన్ని ప్రవేశపెట్టి, జింక్ పూర్తి కోర్సు వాడారో లేదో ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనలోనే సరిచూడాలి.

ఒక పాఠకుడు,
ప్రొద్దుటూరు