తోటివారే తోడు
మాదకద్రవ్యాలు మానాలనుకునేవారి పరస్పర సహాయ బృందమైన నార్కోటిక్స్ అనానిమస్ 1953లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైంది. మద్యం మానాలనుకునేవారి కోసం 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ నుంచి వ్యసనాన్ని దశలవారీగా వదిలే 12 మెట్ల పద్ధతిని తీసుకుని అది మాదకద్రవ్యాలకు అన్వయించుకుంది. చేరడానికి రుసుము లేదు, పూర్తి పేరు చెప్పనక్కర్లేదు. మానేయాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఖర్చులు సభ్యులే భరిస్తారు, బయటి విరాళాలు తీసుకోరు. కొత్తవారికి తెల్లని కీచైన్ బిళ్ల ఇస్తారు. 30 రోజులు నిలిస్తే నారింజ రంగుది, 90 రోజులకు ఎర్రది. చిన్న ప్లాస్టిక్ ముక్కే అయినా, నలుగురి ముందు చేతికందే గౌరవం అది. తమకన్నా ముందు బయటపడిన ఒకరిని సభ్యులు స్పాన్సర్‌గా ఎంచుకుంటారు. మనసు మళ్లీ మత్తువైపు లాగిన వేళ ముందుగా ఫోన్ చేసేది వారికే. ఆసుపత్రి ఒంట్లోని విషాన్ని వదిలిస్తుంది. ఇంటికొచ్చాక పాత స్నేహాలను, ఒంటరితనాన్ని, సిగ్గును తట్టుకోవడానికి మాత్రం అదే దారిలో నడిచినవారి తోడు కావాలి. అలాగని బృందం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. హెరాయిన్ వంటి వ్యసనాల్లో బ్యుప్రెనార్ఫిన్ మందు ప్రాణాలు నిలుపుతుంది. దాన్ని ఆపమని ఏ బృందమూ ఒత్తిడి చేయకూడదు. మందు, మనిషి రెండూ అవసరమే. అందుకే డీఅడిక్షన్ కేంద్రం ఇచ్చే డిశ్చార్జి చీటీతోపాటు దగ్గరలోని బృందం సమావేశ వేళలూ ప్రతి ఒక్కరి చేతికీ అందాలి.