చిన్న ట్రాక్టర్‌కి అంత రేటు ఎందుకు?

ఇరవై ఏళ్లనాటి మహీంద్రా 265 రేటు వింటే ఎవరికైనా చిరాకే. ఇంకాస్త కలిపితే పదేళ్లనాటి 50 హెచ్‌పీ బండి వస్తుంది కదా అనిపిస్తుంది. నారాయణఖేడ్ వైపు రైతులకైతే పక్కనే బీదర్ ఉంది, అక్కడి బండ్లు కూడా కళ్లముందు ఆడుతుంటాయి.

ముందు మీ పని లెక్కేయండి. ఆరెకరాలకు రెండు దుక్కులు, ఒకసారి రోటావేటర్. ఎకరానికి గంట పట్టినా 18 గంటలే. రెండు పంటలకు 36. మిగతా ఏడాదంతా బండి కిరాయికి తిరగాలి, లేదా చెట్టుకింద నిలబడాలి. నిలబడే బండికి 50 హెచ్‌పీ ఎందుకు చెప్పండి? ఇక పత్తి, కంది ఎదిగాక సాళ్లలోకి రెండూ పోలేవు. గుంటుకకు ఎడ్లే దిక్కు.

పెద్ద బండి తక్కువకు వస్తోందంటే కారణం ఉంటుంది. చాలావరకు అది కిరాయికి రోటావేటర్ కొట్టి, ట్రాలీ లాగి అలసిపోయిన బండి. ఇంజిన్ బోరు పనికొస్తే 265కి మూడు సిలిండర్లు, 575కి నాలుగు. వెనక టైర్లు చిన్నదానికి 12.4 సైజు, పెద్దదానికి 14.9 లేదా 16.9. కొన్న రోజు మిగిలిన డబ్బు ఆ టైర్ల దగ్గరే పోతుంది. పాత చిన్న బండిని విప్పని మెకానిక్ ఉండడు. దాని రేటు పడకపోవడానికి అదే అసలు సంగతి.

అయితే ఊళ్లో నల్లరేగడి ఎక్కువుండి, ఆరడుగుల రోటావేటర్‌కి కిరాయి ఖాయంగా దొరికేట్టుంటే మాత్రం పెద్దదే కొనండి. ఆ పనికి 35 హెచ్‌పీ లోపు బండిని పెడితే చంపుకున్నట్టే.

ఏది చూసినా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరొచ్చేసరికే వేడిచేసి ఉంచారంటే అనుమానించాల్సిందే. నడుస్తుండగా ఆయిల్ మూత తీయించండి, పొగ గుప్పుగుప్పున కొడితే బోరు పని ఉన్నట్టే. రోటావేటర్ ఎత్తి ఇంజిన్ ఆపించండి. కాసేపట్లోనే కిందికి జారితే లిఫ్ట్ పని ఉంది.

పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో చూడండి. లోను తీరినట్టు బ్యాంకు కాగితం, ఫారం 35 అడగండి. బీదర్ బండైతే అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ, అంటే ఫారం 28 కూడా కావాలి. ఇవి చేతికొచ్చేదాకా బయానా మించి పైసా ఇవ్వకండి.