హిడింబికి ఎన్నేళ్లు?

ఈ వేసవిలో తాడేపల్లిగూడెంలో మా అక్కయ్యగారింట్లో వారం రోజులు ఉన్నాను. అక్కయ్య మనవడు తొమ్మిదో తరగతి పరీక్షలు రాసేసి ఇంట్లోనే ఉన్నాడు. పొద్దస్తమానం ఫోను. కోటలు, మంత్రదండాలు, రెక్కల గుర్రాలు ఉన్న ఆట ఏదో ఆడుతున్నాడు. ఈ కాలం పిల్లలందరూ ఆడేదే కదా అని మొదట పట్టించుకోలేదు. రెండో రోజు వాడి పక్కన ఒక రూళ్ల నోటుబుక్కు కనిపించింది. స్కేలు పెట్టి గళ్లు గీశాడు. మొదటి గడిలో పేరు, రెండో గడిలో మొదటి భాగంలో వయసు, మూడో గడిలో రెండో భాగంలో వయసు. కొన్ని అంకెల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాడు.

"ఈ సేనాపతిని చూడు తాతయ్యా. మొదటి భాగంలో ముప్ఫై ఏళ్లు. రెండో భాగం ఇరవై ఏళ్ల తర్వాత జరుగుతుంది. అందులో ముప్ఫై ఆరేళ్లు అన్నారు. వాళ్ల చెల్లికి మాత్రం సరిగ్గా ఇరవై ఏళ్లూ కలిపారు. ఇప్పుడు ఆవిడే పెద్దదైపోయింది."

వాడి గొంతులో వెక్కిరింపు లేదు. బాధ ఉంది. చెల్లెలు అన్నయ్యకి అక్కయ్యగా మారిపోవడం వాడికి నిజంగా కష్టంగా ఉంది. ఈ సంచికకి సంపాదకీయం ఏం రాయాలా అని ఆలోచిస్తున్న నాకు ఆ నోటుబుక్కు వదల్లేదు.

వాడు చదువుకునే ఊరు రేలంగి ఉన్న ఊరు. రేలంగి వెంకటరామయ్య ఇక్కడే స్థిరపడ్డారు, తన పేరుతో సినిమా హాలు కట్టుకున్నారు, 1975లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన పుట్టింది 1910లో. 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌లో ఆయన లక్ష్మణకుమారుడు, అంటే దుర్యోధనుడి కొడుకు, పెళ్లికొడుకు. దుర్యోధనుడిగా వేసిన ముక్కామల పుట్టింది 1920లో. తండ్రి కంటే కొడుకు పదేళ్లు పెద్ద! ఆ సాయంత్రం ఇది చెబితే మావాడు వెంటనే కొత్త పేజీ తిప్పాడు. ఇద్దరం కూర్చుని మాయాబజార్ మొత్తానికి గళ్లు గీశాం.

ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు, పుట్టింది 1918లో, నూజివీడులో. ఆయన తల్లి హిడింబి సూర్యకాంతం, పుట్టింది 1924లో. కన్నతల్లి కొడుకు కంటే ఆరేళ్లు చిన్న. కృష్ణుడు ఎన్.టి.రామారావు 1923, ఆయన అన్నగారు బలరాముడు గుమ్మడి 1927. మేనల్లుడు అభిమన్యుడు అక్కినేని 1924, మేనమామ కృష్ణుడికీ ఆయనకీ ఏడాదే తేడా. గుమ్మడికి అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు, పెళ్లీడుకొచ్చిన శశిరేఖకి తండ్రి. పేజీ నిండా ఎర్ర సున్నాలే.

మరి ఏడు దశాబ్దాలుగా ఈ సినిమా చూస్తున్న తెలుగువాళ్లలో ఒక్కరికైనా ఇది అడ్డొచ్చిందా? మా నాన్నగారు చూశారు, మేం చూశాం, మా పిల్లలు చూశారు. "అమ్మా!" అని ఘటోత్కచుడు హిడింబి ముందు వంగితే ఆ వంగడంలోనే ఆవిడ వయసు తేలిపోయింది. వరస కుదిరితే మనకి లెక్క అక్కర్లేకపోయింది. శశిరేఖ అభిమన్యుడికి మేనమామ కూతురు, మేనరికం. ఆ ఒక్క ముక్క చాలు, హాల్లో కూర్చున్న ప్రతి ఇంటివాళ్లకీ కథ ఎటు నడవాలో తెలిసిపోతుంది. వ్యాసభారతంలో శశిరేఖే లేదు. అయినా ఆమె ఎవరికి ఏమవుతుందో చెప్పలేని తెలుగువాడు ఉండడు. వరసలో మాత్రం తప్పు దొర్లితే ఊరుకోం. సినిమాలో ఎవరైనా అత్తగారిని పిన్నీ అని పిలిస్తే పక్క సీటులోంచి వెంటనే గొణుగుడు వినిపిస్తుంది. మావాడి బాధ కూడా అక్కడే మొదలైంది. ఆరో ఇరవయ్యో అంకెలు పోతే పోనీ, అన్నాచెల్లెళ్ల వరస తిరగబడింది.

కొల్లేటి చుట్టుపక్కల జాతరల్లో పద్యనాటకాలు చూసినవాళ్లకి ఇది మరింత బాగా తెలుసు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగవిజయాలు ఈ నేల మీద ఎన్ని రాత్రులు ఆడాయో లెక్కలేదు. జంటకవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి. ఆ నాటకానికి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని వేరు వేరు నటులొస్తారు. నేను చిన్నప్పుడు ఆకివీడు వైపు ఒక తిరునాళ్లలో చూసిన నాటకంలో ద్వారకలో పడుకుని లేచిన కృష్ణుడు పాతికేళ్ల కుర్రవాడు. కౌరవసభకి వెళ్లిన కృష్ణుడికి అరవై దాటాయి, రంగు కింద ముడతలు లాంతరు వెలుగులో కనిపిస్తున్నాయి. ఆయన రాగం తీస్తుంటే చాపల మీద పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు, వన్స్ మోర్ అన్నారు. ఒక్క రాత్రిలో కృష్ణుడు ముప్ఫై అయిదేళ్లు పెరిగాడని ఎవరికీ తోచలేదు.

అంతమాత్రాన కథకులు వయసుల సంగతి పట్టించుకోలేదనుకుంటే పొరపాటు. మహాభారతాన్నే తీసుకోండి. యుద్ధం నాటికి అభిమన్యుడికి పదహారేళ్లు. చంద్రుడు తన కొడుకు వర్చసుణ్ణి భూమి మీదికి పంపుతూ పదహారేళ్లే ఇస్తానని ఆదిపర్వంలోనే షరతు పెట్టాడు. వనవాస, అజ్ఞాతవాసాలకి పదమూడేళ్లు పోతే, పాండవులు అడవికి బయలుదేరిన నాడు ఆ బిడ్డకి రెండు మూడేళ్లు. సుభద్ర వాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి వెళ్లింది. ఈ లెక్క చక్కగా అతుకుతుంది. ఘటోత్కచుడి విషయంలో కథకుడు ఇంకా జాగ్రత్తపడ్డాడు. రాక్షస స్త్రీలు గర్భం ధరించిన వెంటనే కంటారు, ఆ పిల్లవాడు పుట్టగానే యువకుడయ్యాడు అని ఒక్క మాటతో దారి వేసుకున్నాడు. ఈనాటి ఆటల్లో వెయ్యేళ్లు బతికే వనజాతి వాళ్లని పెట్టుకోవడం కూడా ఇలాంటి ఏర్పాటే.

పరీక్షిత్తు దగ్గరికొచ్చేసరికి అదే ఆదిపర్వంలో లెక్క జారింది. తండ్రి సంగతి చెప్పమని జనమేజయుడు అడిగితే మంత్రులు, మీ తండ్రి అరవై ఏళ్లు ప్రజల్ని పాలించాడన్నారు. వేటలో అలసి ఒక మునిని చూసిన నాటికి రాజు వయసెంతో అదే సందర్భంలో చెప్పారు. అదీ అరవయ్యే. అంటే పుట్టిన నాడే సింహాసనం ఎక్కి ఉండాలి. కానీ పాండవులు మహాప్రస్థానానికి వెళ్తూ పట్టం కట్టేసరికి అతనికి ముప్ఫై ఆరేళ్లు. నాకు ఈ తేడా దొరికిన రోజు కోపం రాలేదు. రెండు చోట్లా రెండు గొంతులు వినిపించాయి. ఒకాయన అరవై ఏళ్ల రాజ్యం అని కీర్తించాడు, ఇంకొకాయన అరవై ఏళ్ల ముసలిరాజు ఆకలీ దాహంతో అడవిలో తిరిగాడని జాలిపడ్డాడు. ఎవరో వాటిని పక్కపక్కన పెట్టారు, ఎవరి మాటా కొట్టెయ్యలేదు. కూర్పరి చెయ్యి అక్కడ కనిపిస్తుంది. పత్రిక నడిపేవాణ్ణి కనుక ఆ చెయ్యి మీద నాకు గౌరవం ఎక్కువ.

ఏలూరు నుంచి పన్నెండు కిలోమీటర్లు వెళితే పెదవేగి, అంటే ఒకనాటి వేంగి. ఈ భారతాన్ని తెలుగు చెయ్యమని నన్నయను అడిగిన రాజరాజనరేంద్రుడి వంశం వేంగి పేరుతోనే పెరిగింది. ఆ వంశపు రాగి శాసనాల్లో ఒక అలవాటు ఉంది. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు, గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్లు, ఇలా రాజు పేరు, ఏలిన కాలం వరసగా చెప్పుకుంటూ వస్తాయి. శకసంవత్సరం మాత్రం అన్నింటా వెయ్యలేదు. జె.ఎఫ్.ఫ్లీట్ అనే ఆంగ్ల విద్వాంసుడు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కూర్చుని ఈ అంకెలన్నీ కూడాడు. రెండో అమ్మరాజు పట్టాభిషేకం 945 అని రూఢిగా తెలుసు కాబట్టి అక్కణ్ణుంచి వెనక్కి నడిచి వంశం మొదలు 615 అని తేల్చాడు. కాదు 624 అని మన పండితులు వాదించారు. ఎందుకొచ్చిందీ తేడా? రెండో విజయాదిత్యుడు ఒక శాసనంలో 40 ఏళ్లు ఏలాడు, ఇంకో దాంట్లో 44, మరో దాంట్లో 48. నూట ఎనిమిది యుద్ధాలు చేసి, నూట ఎనిమిది శివాలయాలు కట్టించాడని చెప్పే రాజు ఆయన. రాగిరేకు మీద అక్షరం చెక్కినవాడు పొరబడ్డాడో, యువరాజుగా ఉన్న కాలం ఒకచోట కలిపి ఒకచోట వదిలేశారో! ఆ ఎనిమిదేళ్ల కోసం పెద్దవాళ్లు ఏళ్ల తరబడి కళ్లు పోగొట్టుకున్నారు. మావాడి రూళ్ల పుస్తకానికీ ఫ్లీట్ కూడికలకీ పని ఒకటే. అందుకే ఆ పుస్తకం మూసి చదువుకోమని అక్కయ్య కసిరినప్పుడు నేను అడ్డుపడ్డాను.

జెల్డా అనే జపాను ఆట ఒకటుంది, 1986లో మొదలైంది. భాగం తర్వాత భాగం వచ్చేకొద్దీ ఏది ముందు జరిగిందో, ఏది వెనకో ఆడేవాళ్లకి అంతుపట్టక ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. 2011లో తయారుచేసినవాళ్లే ఒక పుస్తకం వేసి, ఒక భాగం తర్వాత కాలం మూడు పాయలుగా చీలిందని పటం గీసి చూపించారు. ఒక పాయలో వీరుడు ఓడిపోతాడు. గోదావరి పాయల మధ్య బతికే మనకి ఈ ఉపాయం కొత్తగా ఉండదు. అభిమానులు నిలదీయకపోతే ఆ పటం ఇంకా ఎన్నాళ్లకి బయటికొచ్చేదో.

ఇక్కడ మా పత్రిక సంగతి ఒకటి చెప్పాలి. మాకు వచ్చే కథల్లో వయసు లెక్కలు తరచు తప్పుతుంటాయి. ఈమధ్య ఒక మంచి కథ వచ్చింది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన నాడు పదేళ్ల పిల్లగా తాటిచెట్టు పట్టుకుని బతికిన మనిషి. కథ ఇప్పుడు నడుస్తోంది. ఆమెకి నలభై ఏళ్లని రాశారు. ఇది మాయాబజార్ లాంటిది కాదు. ఆ రాత్రికి తేదీ ఉంది, పోయినవాళ్లున్నారు, వాళ్లవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ స్త్రీ బతుకులోంచి పదిహేడేళ్లకు పైగా ఎక్కడికి పోయాయి? రచయిత్రికి ఫోను చేసి అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెలకి కథ తిరిగొచ్చింది. ఆమెకి మోకాళ్ల నొప్పులొచ్చాయి, మనవరాలొచ్చింది, తుపాను హెచ్చరిక విన్నప్పుడల్లా మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకోవడం వచ్చింది. కథ రెట్టింపు బాగుంది. వయసు సరిచెయ్యడమంటే ఆ మనిషి బతికిన ఏళ్లు ఆ మనిషికి తిరిగి ఇవ్వడమని నాకు ఆ కథ వల్లే తెలిసింది.

తాడేపల్లిగూడెం నుంచి తిరిగొచ్చే ముందు మావాణ్ణి కొల్లేటికోట తీసుకెళ్లాను. పెద్దింట్లమ్మ దర్శనం అయ్యాక గట్టు మీద కూర్చుని వాడికి ఉప్పుటేరు కథ చెప్పాను. కొల్లేటి నడుమ గజపతుల కోట, చుట్టూ నీరు. శత్రువు చిగురుకోట దగ్గర దిగాడు. సరస్సు నీటిని సముద్రంలోకి వదిలేస్తే కోటకి నడిచి రావచ్చని కాలవ తవ్వించాడు, అదే ఉప్పుటేరు. అప్పుడు గజపతుల తరఫు ఓఢ్ర సేనాని దేవతల అనుగ్రహం కోసం తన కన్నకూతుర్నే బలిచ్చాడంటారు. అందుకే ఆ కాలవకి పేరంటాల కనుమ అని పేరు. ఈ కథ నేను మా అమ్మమ్మ దగ్గర విన్నాను, ఆ తర్వాత పుస్తకాల్లో చదివాను, ఎందరికో చెప్పాను. కోట ఎవరు కట్టారు, గజపతి ఏ వంశం, కాలవ తవ్వింది మనుషులా ప్రకృతా అని సభల్లో మాట్లాడాను కూడా.

వాడు నీళ్ల వైపు చూస్తూ విన్నాడు. గూడకొంగలు రెండు తూటికాడల మీద దిగి మళ్లీ లేచాయి. సంచీలోంచి నోటుబుక్కు తీశాడు.

"ఆ అమ్మాయికి ఎన్నేళ్లు తాతయ్యా?"

యాభై ఏళ్లుగా చెబుతున్న కథ. నాకెప్పుడూ ఆ ప్రశ్న రాలేదు. పేరంటాలు అంటాం గనక పెళ్లయిన పిల్లేమో అనుకుందామంటే కథలో భర్త ఊసే లేదు. చిన్నపిల్ల అనుకుందామంటే అలా అని చెప్పినవాళ్లూ లేరు. తండ్రి హోదా ఉంది, రాజు బిరుదు ఉంది, శత్రువు దిగిన ఊరు పేరు ఉంది.

చెప్పలేదురా, ఎవరూ చెప్పలేదు అన్నాను.

వాడు గడి గీసి, అంకె వెయ్యాల్సినచోట ఖాళీ వదిలాడు. పెన్ను మొదటి గడి మీద పెట్టి ఆగాడు. "పోనీ, పేరేంటి?" అన్నాడు.