హిందీపాటపైఁ గినుక యేల?

ఓరుగంటి పాఠశాల యొకదాని వార్షికోత్సవమున నొక బాలిక హిందీ చలనచిత్రగీతము పాడఁబోఁగా, తెలుఁగు చెడునని పెద్దలు వారించిరి. పిల్ల కన్నీటితో వేదిక దిగెను. ఆ పెద్దల చేతిఫోనులలో నవే పాటలు మ్రోగుచుండును! దీనిని భాషాభిమానమని మే మొప్పుకొనము.

హిందీ 'అనార్కలి' (1953)కి సి. రామచంద్ర కూర్చిన యొక బాణీని 1955 నాఁటి తెలుఁగు 'అనార్కలి'కి ఆదినారాయణరావుగారు గైకొనిరి. వారే 'సువర్ణసుందరి' (1957)కి హిందూస్తానీ రాగములతో నొక రాగమాలికఁ గూర్చి, దానిని మరల హిందీకి నొసఁగిరి. లతా మంగేష్కరు, మహమ్మదు రఫీ పాడిరి. పుచ్చుకొన నేర్చినవారే యీయఁగలిగిరి.

కాకతి గణపతిదేవుని గజసేనాని జాయప, 13వ శతాబ్దమున సంస్కృతమున రచించిన 'నృత్తరత్నావళి' యెనిమిది యధ్యాయములలో నాలుగింటిని దేశికి, అనఁగా జనులు మెచ్చిన యాటలకే, వినియోగించెను. జనప్రియమైన కళను వెలివేయుట యీ యూరి సంప్రదాయము గాదు.

నీచపు పాటలను మేమును మెచ్చము. కాని నీచత్వమునకు భాషాభేదము లేదు. చదువరులారా, పిల్లను పాడనిండు; పాట యర్థ మడుగుఁడు; ప్రక్కన నొక తెలుఁగుపాట నేర్పుఁడు. తెలుఁగు చెడుట యింటఁ దెలుఁగు పుస్తకము తెఱవకపోవుటచేతఁ గాని, ఆడుపిల్ల గొంతున హిందీపాట పలుకుటచేతఁ గాదు.